ముగ్గు లేని వాకిలి

చీరాల,
శుక్రవారం.

చి॥ మనవరాలికి,

మీ నానమ్మ మోకాలి నొప్పి ఎప్పటిలాగే ఉంది, దాని సంగతి ఆవిడే నీకు చెబుతుంది.

దసరా సెలవులకు వచ్చినప్పుడు మీ పాత హైస్కూల్లో తొమ్మిది, పది తరగతుల పిల్లలకు ఊళ్ళో జరిగే నేరాల గురించి, జాగ్రత్తల గురించి మాట్లాడమని హెడ్మాస్టరు గారు అడిగారట గదా. నీ స్నేహితురాళ్ళతో కలిసి తయారుచేసిన స్లైడ్లు మీ నాన్న ఫోన్‌లో చూశాను. మీ హాస్టల్ వాళ్ళు ఫోన్ ఇచ్చేది ఆదివారం పావుగంట. అందులో పది నిమిషాలు మీ అమ్మే మాట్లాడుతుంది. అందుకే కాగితం మీద పెడుతున్నాను. ఈ ఆదివారం మీ నాన్న వచ్చేటప్పుడు సున్నుండల డబ్బాతో పాటు తెస్తాడు.

స్లైడ్లు అందంగా ఉన్నాయి. కానీ అవన్నీ వద్దులే. ఒంటరిగా వెళ్ళవద్దు, చీకటి పడ్డాక తిరగవద్దు, కొత్తవాళ్ళతో మాట్లాడవద్దు. పదిహేనేళ్ళ పిల్లవాడికి ఇన్ని వద్దులు చెబితే మూడోదాని దగ్గరే కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెడతాడు. ఇక ఐదో స్లైడు. దుప్పట్లు అమ్ముకునే ఆడవాళ్ళ ఫోటో పెట్టి, కింద ‘ఇలాంటివారు వీధిలోకి వస్తే జాగ్రత్త’ అని ఎర్ర అక్షరాలతో రాశారు. అది మాత్రం తీసెయ్యి. ఎందుకో కాస్త ఆగి చెబుతాను. ముందు ఆ పిల్లలకు చెప్పాల్సింది చూద్దాం.

నేను పోలీసు క్రైమ్ పార్టీలోకి వచ్చిన కొత్తలో స్టేషన్ గోడకు పెద్ద మ్యాపు ఉండేది. ఎక్కడ దొంగతనం జరిగితే అక్కడ గుండుసూది గుచ్చేవాళ్ళం. పగటి చోరీకి ఒక రంగు, రాత్రి చోరీకి ఇంకో రంగు. ఏడాది తిరిగేసరికి ఆ సూదులు ఊరంతా సమానంగా పరుచుకుని ఉండేవి కావు. బస్టాండు చుట్టూ ఒక గుంపు, రైలు కట్ట పక్కన కొత్తగా వెలిసిన కాలనీల్లో ఒక గుంపు, బ్యాంకుల వీధిలో ఒక గుంపు. మిగతా ఊరంతా ఖాళీ. కొత్తగా వచ్చిన కానిస్టేబుల్ ఎవరైనా సరే, మా ఇన్‌స్పెక్టరు గారు వాణ్ణి ఆ మ్యాపు ముందు నిలబెట్టి ‘ఎవరు చేశారన్నది తర్వాత చూద్దాం. ఇక్కడే ఎందుకు చేశారు, ఈ వేళకే ఎందుకు చేశారు, ముందది చెప్పు’ అనేవారు. నా సర్వీసంతా ఆ ప్రశ్న మీదే నడిచింది. నువ్వు ఆ పిల్లలకు నేర్పాల్సిందీ అదే. చోటు, వేళ, పద్ధతి. ఈ మూడూ చూడటం వస్తే భయం దానంతటదే తగ్గుతుంది. అన్నిటికీ భయపడే పిల్లవాడు చూడాల్సింది చూడలేడు.

రాత్రిపూట ఇళ్ళల్లో పడే దొంగతనాన్నే తీసుకో. మేం దాన్ని సెక్షన్లతోనే పిలిచేవాళ్ళం, 457, 380 అని. 2024 జూలై 1న భారతీయ న్యాయ సంహిత వచ్చాక ఆ అంకెలు మారాయి. దొంగ పని మాత్రం మారలేదు. వాడికి కావలసింది తాళం పడ్డ ఇల్లు. దాన్ని పట్టుకోవడానికి పగలు ఒకసారి వీధిలోంచి ఊరికే నడుచుకుంటూ వెళతాడు. గుమ్మం ముందు చెప్పులుండవు. పాల ప్యాకెట్ల కోసం గేటుకు తగిలించే సంచీ ఉండదు. కరెంటు బిల్లు గేటు సందులో మడిచిపెట్టింది మడిచిపెట్టినట్టే ఉంటుంది. పట్టపగలు వరండా లైటు వెలుగుతుంటుంది. ఇంట్లో మనుషులున్నట్టు కనబడాలని ఊరెళ్ళేవాళ్ళు వేసిపోయే లైటు అది. ఇంట్లో మనుషులు లేరని పగలంతా ఊరికి చాటేది కూడా అదే.

మన వైపు వీటన్నిటికంటే పెద్ద ఆనవాలు ముగ్గు. పొద్దున్నే ఏడింటికి వీధిలో వాకిళ్ళన్నీ కళ్ళాపి చల్లి, ముగ్గేసి తడితడిగా ఉంటాయి. ఒక్క వాకిలి మాత్రం ఎండిపోయి, మొన్నటి ముగ్గు బండి చక్రాల కింద సగం చెరిగిపోయి ఉంటుంది. గేటుకు బోర్డు కట్టక్కర్లేదు. ఆ రాత్రి ఒంటిగంటకీ నాలుగింటికీ మధ్య వాడు వస్తాడు. ఆ వేళకు కుక్కలు కూడా అలిసిపోయి పడుకుంటాయి. ఒకసారి వేసవిలో ఓ వీధిలో వరసగా నాలుగిళ్ళు పోయాయి. మధ్యలో ఐదోదానికీ తాళమే ఉంది గానీ దాని జోలికి వెళ్ళలేదు. దొంగ దొరికాక అడిగితే, ‘ఆ ఇంట్లో మనుషులున్నారు సార్, ముగ్గేసి ఉందిగా’ అన్నాడు. ఎదురింటి ముసలావిడ తన వాకిలి అయ్యాక చేతిలో మిగిలిన పిండితో ఆ ఇంటి ముందు కూడా నాలుగు గీతలు గీసేదట. వాళ్ళు అడగలేదు, ఈవిడ చెప్పలేదు. వాకిలి బోసిగా ఉంటే చూడలేక వేసేది.

ఈ సంగతి చెప్పి పిల్లల్ని ఒక పని చెయ్యమను. మర్నాడు పొద్దున బడికి వచ్చే దారిలో తమ వీధిలో తాళం పడ్డ ఇళ్ళెన్నో, గేటు తీయకుండా, ఎవరినీ అడగకుండా, రోడ్డు మీది నుంచే కనిపెట్టాలి. ఆ తర్వాత అవి తాళం పడ్డట్టు కనబడకుండా ఏం చెయ్యొచ్చో చెప్పాలి. తాళం గేటు లోపలి వైపుకు తిప్పి వెయ్యడం, పేపరు పక్కింటివాళ్ళు తీసిపెట్టడం, వాళ్ళ బండి రాత్రిళ్ళు ఈ వాకిట్లో పెట్టడం లాంటివి వాళ్ళే చెబుతారు. సంక్రాంతికో వేసవి సెలవులకో ఊరెళ్తూ స్టేషన్‌లో ముందే చెబితే ఇంట్లో కెమెరా పెట్టి కనిపెట్టి ఉండే ఏర్పాటు మన రాష్ట్ర పోలీసులకు ఉంది. ఎల్‌హెచ్‌ఎంఎస్ అంటారు. దానికి డబ్బు కట్టక్కర్లేదు. ఒక హెచ్చరిక, ఇది పిల్లలు బాగా వినాలి. ‘మేం అరకు వెళ్తున్నాం’ అని ఇంటి తాళం వేస్తూ ఇన్‌స్టాలో పెట్టే ఫోటో ఉంది చూశావూ, చెరిగిపోయిన ముగ్గు కంటే అది దూరం కనబడుతుంది.

మెడలో గొలుసులు తెంపేవాళ్ళకూ వేళ ఉంటుంది. పొద్దున ముగ్గేసే వేళ, సాయంత్రం నడకకు వెళ్ళే వేళ. చోటేమో, సందులోంచి రెండు మలుపుల్లో పెద్దరోడ్డు ఎక్కగలిగే వీధి. ఇద్దరుంటారు, వెనక కూర్చున్నవాడు దిగి అడ్రసు అడుగుతాడు. బ్యాంకుల వీధిది వేరే పద్ధతి. డబ్బు డ్రా చేసినవాణ్ణి బ్యాంకులోనే ఒకడు చూసి పెట్టుకుంటాడు. డబ్బు తీసుకున్నాయన దాన్ని బండి డిక్కీలో పెట్టి టీకొట్టు దగ్గర ఆగుతాడు. టీ పూర్తయ్యేసరికి డిక్కీ ఖాళీ. బస్టాండులో అయితే బస్సు ఆగీ ఆగకముందే తలుపు దగ్గర తోపులాట, ఆ తోపులాటలో బ్యాగు జిప్పు. ఇక పట్టపగలు ఇంటికే వచ్చి నగలకు మెరుగు పెడతామనేవాళ్ళు, ‘ముందు వీధిలో హత్య జరిగింది, నగలు తీసి కాగితంలో చుట్టుకోండమ్మా’ అని పోలీసు వేషంలో చెప్పేవాళ్ళు. పేపర్లో ‘దృష్టి మళ్ళించి చోరీ’ అని రాసేది వీటినే. ఇవన్నీ నువ్వు వరసగా చదివి వినిపించకు. ఒక్కోటి ఒక్కో గుంపుకిచ్చి నాటికలా వెయ్యమను. దొంగ వేషం కోసం కొట్టుకుంటారు, కొట్టుకోనీ. దొంగగా నటించినవాడే వేళా చోటూ బాగా గుర్తుపెట్టుకుంటాడు.

ఇప్పుడు ఆ ఐదో స్లైడు.

2018 వేసవి నీకు అంతగా గుర్తుండకపోవచ్చు, అప్పటికి నువ్వు చిన్నదానివి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వాట్సాప్‌లో ‘పార్థీ గ్యాంగు దిగింది, పిల్లల్ని ఎత్తుకుపోయి కిడ్నీలు తీసేస్తున్నారు’ అని మెసేజులు తిరిగాయి. ఊళ్ళల్లో జనం రాత్రిళ్ళు కర్రలు పట్టుకుని కాపలా కాశారు. భాష రానివాళ్ళు, మతి చలించినవాళ్ళు, బిచ్చమెత్తుకునేవాళ్ళు దొరికితే కొట్టారు. తెలంగాణలో ప్రాణాలు పోయాయి. ఆ మే నెలలోనే హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళనుకుని హిజ్రాల మీద పడ్డారు, ఒకరు చనిపోయారు. ఎత్తుకుపోయారన్న పిల్లలు మాత్రం ఎక్కడా లేరు.

ఆ రోజుల్లో దేశమంతా తిరిగిన వీడియో ఒకటుంది. వీధిలో పిల్లలు ఆడుకుంటుంటారు, మోటారు సైకిలు మీద ఇద్దరొచ్చి ఒక పిల్లవాణ్ణి లాక్కుని పోతారు. చూసినవాళ్ళ గుండె ఆగినంత పనవుతుంది. అసలది పాకిస్తాన్‌లోని కరాచీలో పిల్లల భద్రత గురించి తీసిన ప్రచార చిత్రం. చివర్లో ఆ ఇద్దరూ పిల్లవాణ్ణి వెనక్కి తెచ్చి దింపి, పిల్లలు జాగ్రత్త అని రాసిన అట్ట చూపిస్తారు. ఆ చివరి ముక్క కత్తిరించి మన దేశంలో నిజమని తిప్పారు. చూశావా, జాగ్రత్త కోసమని చేసిన పనే మనుషుల్ని చంపడానికి పనికొచ్చింది. ఆ జూలైలో వాట్సాప్ వాళ్ళు మన దేశంలో ఒక మెసేజిని ఒక విడతలో ఐదు చాట్లకు మించి పంపకుండా కట్టడి పెట్టింది ఈ చావుల తర్వాతే.

అదే వేసవిలో జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి గారు ఏం చేశారో పిల్లలకు చెప్పు. పుకార్లు ముదరకముందే ఊరికో పోలీసును అప్పగించారు. వాళ్ళు ఇల్లిల్లూ తిరిగి, ఊళ్ళోవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో తామూ చేరి, ఏ మెసేజి తిరుగుతోందో కనిపెట్టారు. డప్పు వేయించి, జానపద కళాకారులతో పాటలు కట్టించి పాడించారు. ఆ పరిధిలో ఒక్క ప్రాణం పోలేదు. కర్ర కంటే డప్పు బాగా పనిచేసిన సంగతి ఇది. పోలీసు వాడినై ఉండి చెబుతున్నాను, మా శాఖలో ఇలాంటివి అరుదు.

ఆ పార్థీలన్న తెగ పేరు దొంగల మాటగా ఎలా మారిందో మన చీరాలవాళ్ళకు ఇంకొకళ్ళు చెప్పక్కర్లేదు. బాపట్ల నుంచి రైల్లో వస్తుంటే ఈపూరుపాలెం కంటే ముందొచ్చే స్టేషన్ పేరు నీకు తెలుసు. స్టూవర్టుపురం. 1871లో ఇంగ్లీషువాళ్ళు నేరస్థ తెగల చట్టమని ఒకటి తెచ్చారు. ఫలానా కులంలో పుట్టినవాడు పుట్టుకతోనే దొంగ అని ప్రభుత్వమే కాగితం మీద రాసింది. పార్థీలు దాని కిందికి వచ్చారు. 1911 చట్టంతో అది మన మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చాక ఎరుకల వాళ్ళూ దాని కిందికి వచ్చారు. వాళ్ళు అంతకుముందు ఎద్దుల మీద, గాడిదల మీద ఉప్పూ ధాన్యమూ ఊరూరా తిప్పి అమ్ముకున్నవాళ్ళు. బుట్టలల్లి, సోదె చెప్పి బతికినవాళ్ళు. రైలొచ్చి, ఉప్పు మీద సర్కారు పెత్తనమొచ్చి ఆ బేరం పోయింది. బేరం పోయినవాళ్ళను దొంగలని పట్టీలోకి ఎక్కించి, సాల్వేషన్ ఆర్మీ చేతికి అప్పగించి, ఇక్కడ సెటిల్మెంటు కట్టారు. అప్పటి మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి హెరాల్డ్ స్టూవర్టు పేరు దానికి పెట్టారు. హాజరు వేయించుకోవాలి, అనుమతి లేకుండా ఊరు దాటకూడదు. అక్కడి ఆడా మగా చీరాల పొగాకు కంపెనీలో కూలికి వచ్చేవాళ్ళు.

1952లో ఆ చట్టం పోయింది. మాట పోలేదు. 1970లలో నాస్తికవాది గోరా గారి అబ్బాయి లవణం గారు, ఆయన భార్య, కవి జాషువా గారి అమ్మాయి అయిన హేమలత గారు ఆ ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగి, పాత కేసులున్నవాళ్ళతో కూర్చుని మాట్లాడి, భూములూ పనులూ ఇప్పించడానికి ఏళ్ళ తరబడి కష్టపడ్డారు. ఈలోగా సినిమావాళ్ళకు ఆ ఊరి పేరు బంగారు బాతైంది. ఇవాళ అక్కడ టీచర్లున్నారు, రైల్వే ఉద్యోగులున్నారు. మీ హైస్కూల్లో ఆ ఊరి పిల్లలు చదువుతున్నారు. నువ్వు ఐదో స్లైడు వేసినప్పుడు వాళ్ళలో ఎవరో ఒకరు మూడో బెంచీలో కూర్చుని ఉంటారు. ఆ పిల్ల నానమ్మ కూడా దుప్పట్లో బుట్టలో అమ్మి ఉంటుంది. తక్కిన నలభై మందీ తల తిప్పి ఆ పిల్ల వంక చూస్తారు.

పోనీ, ఆ పిల్ల మనసు సంగతి అలా ఉంచు, పోలీసు లెక్కలోనే చెబుతాను. ఊళ్ళో ఏది పోయినా పాత కేసుల షీటున్న నలుగురినీ తెచ్చి స్టేషన్‌లో కూర్చోబెట్టడం మా వాళ్ళకు తేలిక పని. వాళ్ళు అక్కడ కూర్చున్నంతసేపూ అసలువాడు సొత్తు కరిగించుకుంటాడు. మొహం చూసి పట్టుకుంటే దొంగ దొరకడు. దుప్పట్లమ్మే మనిషి మధ్యాహ్నం రెండింటికి గేటు ముందు నిలబడి కేకేసి పిలిస్తే అది బేరం. బాగా బట్టలు కట్టుకున్నవాడు వారంలో మూడుసార్లు అదే సందులో బండి ఆపి, ఎవరింటికీ వెళ్ళకుండా తాళాలు చూసిపోతే అది చెప్పాల్సిన సంగతి. పిల్లలు స్టేషన్‌కు ఫోన్ చేస్తే ‘అనుమానంగా ఒకడున్నాడు సార్’ అనకూడదు. వాడేం చేస్తున్నాడు, ఎన్నింటికి, బండి నంబరెంత, ఎటు వెళ్ళాడు, అది చెప్పాలి. కులం, రంగు, భాష, బట్టలు పనికిరావు. వెంటపడటం, చుట్టుముట్టడం అసలు చెయ్యకూడదు. 112 కొట్టి, తలుపేసుకుని లోపలుండటమే వాళ్ళ పని.

ఇక మీ ఈడు పిల్లలకు నిజంగా దగ్గరగా ఉన్న ప్రమాదం వీధిలోంచి రాదు. అది అన్నా, బ్రో అంటూ వస్తుంది.

మన ఊళ్ళోనే డిగ్రీ చదివే కుర్రాడు ఒకడు. కాలేజీ దగ్గర పరిచయమైన ‘అన్న’ ఒకడు, నీ పేరున బ్యాంకు అకౌంటు తెరిచి ఏటీఎం కార్డూ సిమ్మూ ఇస్తే ఐదు వేలిస్తానన్నాడు. గేమింగు కంపెనీవాళ్ళకు పన్ను కలిసిరావడానికట. వీడిచ్చాడు. రెండు నెలలకు వేరే రాష్ట్రం పోలీసులు ఇంటి ముందు దిగారు. ఎక్కడో ఒక రిటైరైన పెద్దమనిషి మోసపోయి పోగొట్టుకున్న డబ్బు వీడి అకౌంటు మీదుగా దాటింది. మీ నాన్న తరఫున నేనూ వెళ్ళాను, వాళ్ళు మనకు తెలిసినవాళ్ళే. ఆ తల్లి లోపలికి పరిగెత్తి, ప్లాస్టిక్ కవర్లో దాచిన పదో తరగతి మార్కుల మెమో తెచ్చి ఎస్సై చేతిలో పెట్టింది. మావాడు మంచివాడు సార్, చూడండి అని. ఆ ఎస్సై పాపం దాన్ని పూర్తిగా చదివి, మడిచి మళ్ళీ ఆవిడకే ఇచ్చాడు. దాంతో ఏం కాదని ఎలా చెప్పాలో ఆయనకూ తెలియలేదు. కేసులో అకౌంటు ఎవరి పేరున ఉంటే వాడే ముద్దాయి. ఆ ‘అన్న’ పేరు అసలు పేరో కాదో కూడా ఎవరికీ తెలియదు. దీన్నే మ్యూల్ అకౌంటు అంటున్నారిప్పుడు. అకౌంటు, కార్డు, సిమ్, ఓటీపీ, వీటిలో దేన్నీ అద్దెకివ్వరాదని పిల్లలకు రెండుసార్లు చెప్పు.

గంజాయి సంచీ సంగతీ ఇంతే. పాడేరు, చింతపల్లి ఏజెన్సీ వైపు నుంచి మద్రాసు వెళ్ళే రైళ్ళన్నీ మన ఊరి మీదుగానే పోతాయి. ‘ఈ బ్యాగు నెల్లూరులో దింపితే చాలు, టిక్కెట్టూ ఖర్చూ మాదే’ అంటారు. ఇరవై కిలోలు దాటితే చట్టం దాన్ని వ్యాపారం కింద లెక్కేస్తుంది, పట్టుబడ్డ పెద్దవాడికి పదేళ్ళకు తగ్గకుండా శిక్ష. పద్దెనిమిది నిండనివాణ్ణి జువెనైల్ బోర్డు ముందుకు పంపుతారని తెలిసే వాళ్ళు పిల్లల్ని వెతుక్కుంటారు. ఎవరైనా ఇలా అడిగితే పేరు చెప్పకుండా చెప్పడానికి 1972 నంబరుంది, మన రాష్ట్రంలో మత్తుమందుల మీద పనిచేసే ఈగల్ పోలీసులది. రేపు వాడు పట్టుబడితే పేపర్లో ‘జల్సాలకు అలవాటు పడి’ అని రాస్తారు. నేను చూసినంతలో సగం మందికి జల్సా కాదు, సెల్‌ఫోను వాయిదా.

డిజిటల్ అరెస్టు గురించి మీ స్లైడులో రాసింది బాగానే ఉంది. అయితే ఆ ఫోన్లు వచ్చేది పిల్లలకు కాదు, ఇంట్లో ఉన్న తాతలకూ నానమ్మలకూ. నీ పేరున పార్సిల్లో డ్రగ్స్ దొరికాయని, సీబీఐ అని, వీడియో కాల్ కట్ చెయ్యకుండా గదిలో కూర్చోమని బెదిరిస్తారు. వీడియోలో అరెస్టు చేసే అధికారం మన చట్టంలో ఏ పోలీసుకూ లేదు. కానీ భయపడ్డ మనిషికి చట్టం గుర్తురాదు. కాబట్టి పిల్లలు చూడాల్సింది ఇది: ఇంట్లో పెద్దవాళ్ళు ఉన్నట్టుండి గది తలుపు వేసుకుని, గొంతు తగ్గించి మాట్లాడుతూ, అన్నానికి పిలిస్తే రాకుండా, ఎవరని అడిగితే ఏం లేదంటుంటే, మర్యాదలు పక్కనబెట్టి తలుపు తోసి ఫోను లాక్కోవాలి. నా ఫోను కూడా లాక్కోవచ్చు, నాకేం అభ్యంతరం లేదు. డబ్బు అప్పటికే వెళ్ళిపోతే ఏడుస్తూ కూర్చోకుండా సైబర్ నేరాల నంబరు 1930కి కొట్టాలి. ఆ డబ్బు నిమిషాల్లో ఒక అకౌంటు నుంచి ఇంకోదానికి దూకుతుంటుంది. డ్రా చేసేలోపు ఎక్కడుంటే అక్కడ ఆపించగలిగేది ఆ నంబరే. ఎంత, ఎన్నింటికి, ఏ అకౌంటుకు, లావాదేవీ నంబరు, ఇవి దగ్గర పెట్టుకోవాలి. మర్నాడు చూద్దాంలే అంటే ఇక చూసేదేమీ ఉండదు.

ఇంకొకటుంది, మీ స్లైడుల్లో ఎక్కడా లేదు. ‘కొత్తవాళ్ళతో జాగ్రత్త’ అని పెద్దగా రాశారు గానీ, పిల్లల మీద జరిగే లైంగిక నేరాల్లో కొత్తవాళ్ళు చాలా తక్కువ. పిల్లల మీద లైంగిక నేరాలకు పెట్టే పోక్సో కేసుల్లో నూటికి తొంభైకి పైగా తెలిసినవాళ్ళేనని జాతీయ నేర గణాంకాలు ఏటా చెబుతున్నాయి. బంధువులు, ఇరుగుపొరుగు, కుటుంబ స్నేహితులు, చదువు చెప్పేవాళ్ళు. వీధిని చూసి భయపడమని నేర్పి ఇంట్లోవాళ్ళను ఎదిరించడం నేర్పకపోతే, ఆ పిల్లకు మనం చేసిన మేలేమీ లేదు. పిల్లల సహాయ నంబరు 1098 బోర్డు మీద పెద్దగా రాయి. 2012లో వచ్చిన ఈ పోక్సో చట్టంలో, పిల్ల స్టేషన్‌కు రానక్కర్లేదు, ఇంటి దగ్గరే, వీలైనంతవరకు మహిళా ఎస్సై, యూనిఫాం లేకుండా వచ్చి వాంగ్మూలం రాసుకోవాలని ఉంది. తెలిసినవాళ్ళు పోలీసులకు చెప్పకపోతే అదీ నేరమే. పరువు పోతుందని సర్దిచెప్పే మేనమామలకు ఈ చివరి ముక్క ముందు చెప్పాలి. ఈ భాగం నువ్వు మాట్లాడేటప్పుడు మగపిల్లల్ని బయటికి పంపకు. వాళ్ళూ వినాలి, వాళ్ళకూ జరుగుతుంది.

స్టేషన్ అంటే పిల్లలకే కాదు, పెద్దలకూ బెరుకు. ‘అది మా పరిధి కాదు, పక్క స్టేషన్‌కు వెళ్ళండి’ అని తిప్పి పంపడం మా శాఖలో పాత జబ్బు. ఇప్పుడు అలా అనడానికి లేదు. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఎఫ్‌ఐఆర్ కట్టాలి, జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు. కొత్త నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్‌లో రాసిపెట్టారు. ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. ఫిర్యాదు రాసేటప్పుడు కథ వద్దు. ఏం జరిగింది, ఎప్పుడు, ఎక్కడ, ఎవరు చూశారు. పిల్లల చేత ఒక ఉత్తుత్తి ఫిర్యాదు రాయించు, తెలుగు పరీక్షలో లేఖారచనకు కూడా పనికొస్తుంది. సెల్‌ఫోను పోతే *#06# నొక్కి ముందే రాసిపెట్టుకున్న ఐఎంఈఐ నంబరుంటే సీఈఐఆర్ పోర్టల్లో ఆ ఫోన్‌ను మన దేశంలో ఎక్కడా పనిచెయ్యకుండా ఆపించవచ్చు. ఆ నంబరు అక్కడికక్కడే నోటుపుస్తకం వెనక రాయించెయ్యి.



చివరికి ఊరి మ్యాపు ఒకటి వేయించు. స్టేషన్‌లో మేం వేసినలాంటిదే, కాకపోతే పిల్లలది. తెల్ల చార్టు మీద బడి నుంచి తమ ఇళ్ళ దాకా వీధులు గీసి, లైటు వెలగని స్తంభాలు, సాయంత్రం ఆరు దాటాక ఆడపిల్లలు దాటడానికి జంకే మలుపు, బెల్టుషాపు అరుగు, రాత్రి పదింటిదాకా తెరిచుండే మందులషాపు, ఎప్పుడు తలుపు కొట్టినా తీసే టీచరుగారిల్లు, అన్నీ గుర్తు పెట్టమను. భయపడే చోట్లు ఒక రంగు, పరిగెత్తగలిగే చోట్లు ఇంకో రంగు. ఆడపిల్లలు ఒక మ్యాపు, మగపిల్లలు ఒక మ్యాపు విడివిడిగా గీసి, తర్వాత పక్కపక్కన పెట్టండి. ఒకే వీధి రెండు మ్యాపుల్లో రెండు రకాలుగా ఉంటుంది. మగపిల్లలు అది చూసి కాసేపు మాట్లాడరు. ఆ చార్టు నకలు ఒకటి మునిసిపాలిటీ లైట్ల సెక్షన్‌కు, ఒకటి స్టేషన్‌కు హెడ్మాస్టరు గారి సంతకంతో ఇవ్వండి. తీసుకున్నట్టు స్టాంపు వేయించుకోవడం మర్చిపోకండి. స్టాంపు లేని కాగితం ఏ ఆఫీసులోనైనా ఎగిరిపోతుంది.

ప్రశ్నలు చేతులెత్తి అడగమనకు, చీటీల మీద పేరు లేకుండా రాసి డబ్బాలో వెయ్యమను. ఆ డబ్బా నువ్వే ఇంటికి తేవద్దు. మీ సైన్సు మేడం ఉన్నారు గదా, ఆవిడ ఎదుటే తెరవాలి. అందులో ఏదైనా చీటీ చదివి నీకు చెయ్యి వణికితే, అది నువ్వు మొయ్యాల్సింది కాదు, ఆవిడకూ నాకూ ఇచ్చెయ్యి. నేను రమ్మంటే వస్తాను, కానీ వేదిక మీద కూర్చోను. రిటైరైనా నా మీసం చూస్తే పిల్లలు నోరు విప్పరని మీ నానమ్మ అంటోంది.

ఏ రోజు పెట్టారో మీ నాన్నకు చెప్పి పంపు. మార్చిన స్లైడ్లు కూడా పంపు.

ఇట్లు,
తాతయ్య